కణ చికిత్స, జన్యు చికిత్స: ఈ చదువు మన పిల్లలకు అందునా?

ఫాల్గుణ మాసములో లక్ష్మీనరసింహస్వామి తీర్థము జరుగు దినములలో మేము సమాచార ప్రదర్శన నిమిత్తము కోరుకొండ వెళ్లితిమి. కోరుకొండ యనగానే కొందరికి విజయనగరము దాపున సైనిక పాఠశాల గల కోరుకొండ స్ఫురించును. మేము చెప్పుచున్నది అది కాదు. రాజమహేంద్రవరమునుండి గోకవరము పోవు దారిలో, సుమారు 20 కిలోమీటర్ల దూరమున, కొండమీద స్వామి వెలసియున్న కోరుకొండ ఇది. 14వ శతాబ్దములో ముమ్మడి నాయకుడు ఏలిన చోటు.

మా ప్రదర్శనశాలకు వచ్చినవారిలో ఒక పెద్ద రైతు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. ఆ అమ్మాయి జీవశాస్త్రములతో బి.ఎస్‌సి. పూర్తిచేసినది. మార్కులు బాగుగనే వచ్చినవి. నగరములోని ఒక ప్రైవేటు సంస్థవారు పంపిన రంగుల కరపత్రము ఆయన చేతిలో నుండెను. "జన్యు చికిత్సలో ఒక సంవత్సరపు డిప్లొమా, ఫీజు నాలుగున్నర లక్షలు, ఉద్యోగము ఖాయము" అని అందులో అచ్చువేసియున్నది. "ఆయ్, ఈ చదువు నిజంగా ఉన్నదాండి? ఉంటే ముప్పాతిక ఎకరం బేరం వచ్చిందండి, అమ్మేసి చదివించమంటారా?" అని ఆయన అడిగెను. బయానా పుచ్చుకొనుటకు వారము దినములు మాత్రమే గడువున్నదట.

అప్పటికి తోచిన నాలుగు మాటలు చెప్పి పంపితిమి గాని, ఆ ప్రశ్నలు రెండును మా వెంటనే వచ్చినవి. ఇట్టి ప్రశ్నలే మరి అనేక గ్రామములలో తలిదండ్రులకు కలుగుచుండవచ్చునని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా ఆ చికిత్స యేమో తెలిసికొందము. మన శరీరము లక్షల కోట్ల కణముల కూడిక. ఒక్కొక్క కణములోను డి.ఎన్‌.ఎ. అను పొడవైన దారము చుట్టుకొని యుండును. దానిని సుమారు 300 కోట్ల అక్షరములతో వ్రాసిన గ్రంథముగా భావింపవచ్చును. ఆ గ్రంథములో ఒక్కొక్క పనికి సంబంధించిన అధ్యాయమే జన్యువు. రక్తమునకు ఎరుపురంగు నిచ్చి ప్రాణవాయువును మోసికొనిపోవు హీమోగ్లోబిన్‌ తయారగుటకు ఒక అధ్యాయము, గాయమైనపుడు రక్తము గడ్డకట్టుటకు మరియొకటి, ఈ రీతిగా సుమారు 20,000 జన్యువులు గలవు. ఆ 300 కోట్ల అక్షరములలో ఒక్క అక్షరము తారుమారైనను ఒక్కొక్కసారి గొప్ప అనర్థము కలుగును.

దీనికి దూరపు ఉదాహరణ వెదుకనక్కరలేదు. కోరుకొండ దాటి గోకవరము మీదుగా పోయినచో రంపచోడవరపు మన్యము వచ్చును. మన మన్యప్రాంతములలోని గిరిజనులలో కొందరికి సికిల్‌ సెల్‌ అను రక్తవ్యాధి గలదు. హీమోగ్లోబిన్‌ జన్యువులో ఒకే ఒక అక్షరము మారుటచే గుండ్రముగా, మెత్తగా ఉండవలసిన ఎర్రకణము కొడవలి వలె వంగి గట్టిపడిపోవును. ఆ కొడవళ్లు సన్నని రక్తనాళములలో చిక్కుకొనగా భరింపరాని నొప్పులు, రక్తహీనత, మాటిమాటికి జ్వరములు వచ్చును. తల్లి తండ్రి యిరువురు ఈ దోషమును లోపల మోయుచున్నవారైనచో, వారికి పుట్టు ప్రతి బిడ్డకును ఈ వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశముండును. తలిదండ్రులు మాత్రము చూచుటకు ఆరోగ్యవంతులే. ఇందులో ఎవరి పాపమును లేదు, ఏ గాలియు ధూళియు సోకలేదు. రక్తపరీక్షచే ముందుగనే తెలిసికొనదగిన విషయమిది. ఈ వ్యాధిని 2047 నాటికి ప్రజారోగ్య సమస్యగా లేకుండ చేయు లక్ష్యముతో భారత ప్రభుత్వము 2023 జులై 1వ తేదీన ఒక జాతీయ ఉద్యమమును ప్రారంభించినది. గిరిజన ప్రాంతములలో 40 సంవత్సరములలోపు వారు 7 కోట్ల మందికి పరీక్షలు జరుపవలెనని అందు నిర్ణయించిరి.

ఇంతవరకు ఇట్టి జబ్బులకు మనము ఇచ్చిన మందులు బాధను తగ్గించునవే గాని మూలమును తాకునవి కావు. మూలమున నున్న తప్పును దిద్దుటయో, ఆ తప్పువలన చెడిన కణముల స్థానమున మంచి కణములను నాటుటయో చేయునది ఈ క్రొత్త విద్య. కణములను మందుగా వాడిన కణ చికిత్స యందురు. జన్యువును మందుగా వాడిన జన్యు చికిత్స యందురు. రెండును కలిసిన చికిత్సలును గలవు.

ఈ పని రెండు విధముల జరుగును. మొదటిది మన రైతులకు చక్కగా తెలిసినదే. నారు పోయుట, నారు తీయుట, చేను దమ్ము చేయుట, ఊడ్చుట ఎట్టివో ఇదియు నట్టిదే. రక్తపు కేన్సరులలో కొన్నింటికి ఇపుడు వాడుచున్న కార్‌-టి చికిత్సను చూడుడు. రోగి రక్తమును ఒక యంత్రముగుండ పంపి, అందుండి టి-కణములు అను తెల్లకణములను వేరుచేయుదురు. వ్యాధులపై పోరాడుటయే ఈ కణముల పని. కాని కేన్సరు కణమును అవి పోల్చుకొనలేకపోవుచున్నవి. ప్రయోగశాలలో వానికి ఒక క్రొత్త జన్యువును చేర్చుదురు. దానిచే ఆ కణము ఒంటిమీద కేన్సరు కణమును పట్టుకొను కొక్కెము వంటిది మొలచును. పిమ్మట ఆ కణములను నారుమడిలో పెంచినట్లు కొలది దినములు పెంచి కోట్ల సంఖ్యకు తెత్తురు. ఇంతలో ఆసుపత్రిలో రోగికి కొన్ని మందులిచ్చి పాత తెల్లకణములను తగ్గించి చోటు చేయుదురు. ఇది దమ్ము చేయుట. ఆపైన పెంచిన కణములను రక్తములోనికి ఎక్కించుట ఊడ్పు. నాటిన నారు అంతయు బ్రతుకదు. అట్లే ఈ చికిత్స అందరికిని పనిచేయదు. పనిచేయునపుడు సైతము తీవ్రమైన జ్వరము, రక్తపుపోటు పడిపోవుట వంటి ప్రమాదములు కలుగుటచే గట్టి ఆసుపత్రిలోనే చేయవలయును.

రెండవ విధములో కణములను బయటికి తీయరు. క్రొత్త జన్యువును తిన్నగా శరీరములోనికే పంపుదురు. దానిని మోసికొనిపోవు బంట్రోతు ఒక వైరసు. వైరసునకు కణములలో దూరు నేర్పు పుట్టుకతో వచ్చినది. దాని రోగకారక గుణమును తొలగించి, దాని సంచిలో మనకు కావలసిన జన్యువును పెట్టి పంపుదురు. పసిపిల్లల కండరములను క్షీణింపజేయు ఒక వ్యాధికి "16 కోట్ల రూపాయల ఇంజెక్షను" అని పత్రికలలో చదివినవారికి జ్ఞాపకముండును. అది ఈ తెగకు చెందినదే. అమెరికాలో 2019లో దానికి అనుమతి వచ్చినది.

ఇవియుగాక, జన్యువును క్రొత్తగా చేర్చుటకు మారుగా ఉన్న జన్యువులోనే కత్తిరింపు చేయు క్రిస్పర్‌ అను పద్ధతి గలదు. కడియము నర్సరీలలో అంటుకట్టువాడు చాకుతో సరియైన కణుపువద్దనే కోసినట్లు, ఇది డి.ఎన్‌.ఎ.లో కోరిన చోటనే కోయును. దానిని రూపొందించిన ఎమ్మాన్యుయెల్‌ షార్పెంటియే, జెన్నిఫర్‌ డౌడ్నా అను ఇరువురు స్త్రీలకు 2020లో రసాయనశాస్త్రమున నోబెల్‌ బహుమానము లభించినది. క్రిస్పర్‌తో చేసిన మొదటి మందు ఏ జబ్బునకు అనుమతి పొందినదో తెలియునా? మన మన్యములోని ఆ సికిల్‌ సెల్‌ జబ్బునకే. 2023 నవంబరులో బ్రిటను, డిసెంబరులో అమెరికా అనుమతించినవి. దాని వెల అమెరికాలో 20 లక్షల డాలర్లకు పైమాట. మన గిరిజన కుటుంబములకు ఆ అంకె చెప్పుటకే నోరు రాదు. అందుచేతనే ఢిల్లీలోని జన్యుశాస్త్ర పరిశోధనాలయమువారు స్వదేశమున ఇట్టి చికిత్సను రూపొందించుటకు పూనుకొనిరి. 2025 నవంబరులో దానిని బిర్సా ముండా పేరిట ప్రకటించిరి. అది రోగులకు విరివిగా అందుటకు ఇంకను పరీక్షలు దాటవలసియున్నది.

వెల తగ్గించుట సాధ్యమేనా యను సందేహమునకు ఒక సమాధానము ఇదివరకే మన దేశములో లభించినది. బొంబాయి ఐ.ఐ.టి. ప్రయోగశాలలో పుట్టి, టాటా మెమోరియల్‌ ఆసుపత్రిలో పరీక్షింపబడిన నెక్స్‌కార్‌19 అను కార్‌-టి చికిత్సకు 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిచ్చినది. 2024 ఏప్రిల్‌ 4వ తేదీన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము దానిని జాతికి అంకితము చేసిరి. విదేశములలో మూడు నాలుగు కోట్ల రూపాయలగు చికిత్స ఇచట సుమారు 40 లక్షలకు దిగినది. 40 లక్షలును సామాన్యుడు మోయగల బరువు కాదు. కాని పదింట తొమ్మిది వంతులు తగ్గినదన్న మాట చిన్నది కాదు. ఆ తగ్గింపు యంత్రములవలన వచ్చినది కాదు, ఇచటి ప్రయోగశాలలలో చదివి పనిచేసిన యువతీయువకుల వలన వచ్చినది. ఈ చదువు గ్రామములకు ఏల కావలయునో చెప్పుటకు ఇంతకుమించిన కారణము మాకు తోచుటలేదు.

తెలుగువారికి ఈ మార్గము క్రొత్తది కాదు. రక్తపు కేన్సరుతో పోరాటములో తొలి విజయము మన గోదావరి బిడ్డదే. 1895 జనవరి 12న భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు రాజమహేంద్రవరములో చదువుకొనిరి. చదువు సాఫీగా సాగలేదు. ఇంట మరణములు, లేమి. పదమూడవ యేట ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి సంపాదింపవచ్చునని బయలుదేరినారట. తల్లి వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని, అదియు మద్రాసులో గాని, దాటలేదు. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున దొరవారి ఆగ్రహమునకు గురియై పూర్తి పట్టముకాక తక్కువ పట్టముతో బయటికి వచ్చిరి. సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలో జబ్బుచేసి పోయిరి. అట్టి మనిషి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్‌ ధర్మసంస్థ సాయమును, అనపర్తికి చెందిన మామగారు సమకూర్చిన ధనమును పట్టుకొని అమెరికా చేరి హార్వర్డులో చదివెను. అనపర్తి యెక్కడ, బోస్టను ఎక్కడ!

తరువాత లెడర్లీ సంస్థలో ఆయన బృందము ఫోలిక్‌ ఆమ్లమును తయారుచేసినది. గర్భిణులకు మన ఆరోగ్య కార్యకర్తలు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో ఉండునది ఆ ఫోలిక్‌ ఆమ్లమే. దానికి ఎదురు పనిచేయు అమినోప్టెరిన్‌ అను పదార్థమును కూడ ఆ బృందమే రూపొందించి బోస్టనులోని సిడ్నీ ఫార్బర్‌ అను వైద్యునకు అందించినది. రక్తపు కేన్సరుతో మరణమునకు చేరువైన 16 మంది పిల్లలకు దానిని ఈయగా 10 మందిలో వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గినది. 1948 జూనులో ఈ వార్త ప్రకటితమైనది. ఆగస్టులో సుబ్బారావుగారు 53వ యేట కన్నుమూసిరి. పిల్లల రక్తపు కేన్సరులో ఏ మందునకును లొంగని కొందరికి నేడు కార్‌-టి చికిత్స అక్కరకు వచ్చుచున్నది. అనగా ఆయన తెరచిన దారిలోనే మరికొంత దూరము పోవుటయన్నమాట.

హైదరాబాదులోని ఎల్‌.వి. ప్రసాద్‌ నేత్ర వైద్యాలయమును కూడ ఇచట స్మరింపవలెను. తాంబూలపు సున్నము కంటిలో చింది నల్లగ్రుడ్డు చుట్టును ఉండు మూలకణములు కాలిపోయిన పిల్లలను మన గ్రామములలో చూచియే యుందుము. బాగున్న రెండవ కంటినుండి ఆవగింజంత ముక్క తీసి, ప్రయోగశాలలో పొరగా పెంచి, చెడిన కంటిలో నాటుటను ఆ వైద్యాలయమువారు 2001 నుండియే చేయుచున్నారు. ప్రయోగశాలలో పెంచు ఖర్చు లేకుండ ఆ ముక్కలను తిన్నగా కంటిమీదనే నాటి అచటనే పెరుగనిచ్చు సులభ పద్ధతిని 2012లో ప్రకటించిరి. కణ చికిత్స యన్నది ఎచటనో విదేశములలోని వింత కాదని ఇందువలన తేటపడుచున్నది.

ఇక చదువు సంగతి. మన విశ్వవిద్యాలయములలో కణ, జన్యు చికిత్సల పేరిటనే ఉన్న ఎం.ఎస్‌సి. కోర్సులు అరుదు. లండను విశ్వవిద్యాలయ కళాశాలవంటి చోట్ల ఆ పేరుతో ఒక సంవత్సరపు ఎం.ఎస్‌సి. గలదు గాని, ఆ ఖర్చు లక్షలలో పదులకు చేరును. పేరు లేదని విచారింపనక్కరలేదు. ఈ రంగములో పనిచేయుచున్నవారు చదివినది బయోటెక్నాలజీ, జీవరసాయనము, సూక్ష్మజీవశాస్త్రము, మానవ జన్యుశాస్త్రము, రోగనిరోధక శాస్త్రము వంటి పాత పేర్ల చదువులే. పునాది ఇటుక గట్టిదైన మీది అంతస్తునకు ఏ పేరు పెట్టుకొన్నను నిలుచును. బి.ఫార్మసీ, నర్సింగు, ఇంజనీరింగు, ఎం.బి.బి.ఎస్‌. చదివినవారికిని ఇందులో తావు కలదు. ఆ సంగతి ముందు చెప్పెదము.

బి.ఎస్‌సి. పిమ్మట ఎం.ఎస్‌సి.లో చేరుటకు ద్వారములు ఒకటికంటె ఎక్కువ. మన రాష్ట్ర విశ్వవిద్యాలయములకు, అనగా మన ప్రాంతమునకు చెందిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయము మున్నగువానికి ఏపీ పీజీసెట్‌. ఐ.ఐ.టి.లకు జామ్‌ పరీక్ష. అందు బయోటెక్నాలజీకి ప్రత్యేక పత్రము గలదు. కేంద్రీయ విశ్వవిద్యాలయములలో పెక్కింటికి సి.యు.ఇ.టి.-పి.జి. కేంద్ర బయోటెక్నాలజీ శాఖవారి తోడ్పాటు గల ఎం.ఎస్‌సి., ఎం.టెక్‌. కోర్సులకు గాట్‌-బి యను పరీక్ష. దీనిద్వారా చేరినవారికి నెలనెల విద్యార్థి వేతనము కూడ లభించును. ఈ చివరిదానిని గురించి మన గ్రామీణ కళాశాలలలో తెలిసినవారు బహు తక్కువ. కోరుకొండ అమ్మాయియు ఆ పేరు విని యుండలేదు. నాలుగున్నర లక్షల డిప్లొమా కరపత్రము ఇల్లు చేరినది గాని, ఉచిత వేతనము గల పరీక్ష వార్త చేరలేదు! ఇందులో మా వంటివారి లోపమును గలదని ఒప్పుకొనవలసినదే.

ఒక చిక్కు కలదు. ఈ జాతీయ పరీక్షలు తెలుగులో లేవు. తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన పిల్లలకు విషయము తెలిసియు ప్రశ్న అర్థము కాక మార్కులు పోవుచుండును. దీనికి మార్గము ఇంగ్లీషు వ్యాకరణము బట్టీపట్టుట కాదు. దినమునకు రెండు పుటల చొప్పున ఇంగ్లీషు జీవశాస్త్ర గ్రంథము చదివి, చదివినదానిని తెలుగులో చెల్లెలికో తమ్మునికో చెప్పి, మరల ఇంగ్లీషులో ఐదు వాక్యములు వ్రాయుట మేలు. ఎన్‌.పి.టెల్‌. అను ప్రభుత్వ పథకమున ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠములు ఉచితముగా వినవచ్చును. ధ్రువపత్రము కోరినవారు పరీక్షకు మాత్రము స్వల్ప రుసుము చెల్లింపవలెను.

ఎం.ఎస్‌సి.లో చేరిన పిమ్మట ఏమి నేర్చుకొన్నారన్నది పట్టముకంటె ముఖ్యము. కణములను మలినము సోకకుండ పెంచుట, డి.ఎన్‌.ఎ.ను వేరుచేసి కొలుచుట, పి.సి.ఆర్‌., కణములను ఒక్కొక్కటిగా లెక్కించు ఫ్లో సైటోమెట్రీ, కొంత గణాంకశాస్త్రము, కొంత కంప్యూటరు, ఇవి చేతికి రావలెను. "చేతికి రావలెను" అని బుద్ధిపూర్వకముగనే వ్రాసితిమి. చదివి తెలిసికొన్నవాడు కణములను పెంచలేడు. వేసవి సెలవులలో పరిశోధనాలయములలో పనిచేయు అవకాశములకు దరఖాస్తు పెట్టవలెను. దేశములోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఏటేట వేసవి పరిశోధన వేతనముల నిచ్చుచున్నవి. హైదరాబాదులో 1977లో ప్రారంభమైన కణ, అణుజీవశాస్త్ర కేంద్రము, అనగా సి.సి.ఎం.బి., కలదు. జన్యు పరీక్షలు జరుపు సి.డి.ఎఫ్‌.డి. కలదు. తిరుపతిలో 2015 నుండి ఐసర్‌ కలదు. మద్రాసు దాటి వెల్లూరు పోయినచో క్రైస్తవ వైద్య కళాశాలను ఆనుకొనియున్న మూలకణ పరిశోధన కేంద్రము కలదు. రక్తము గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధికి జన్యు చికిత్సను మనుష్యులపై పరీక్షించి సఫలమైనట్లు 2024 డిసెంబరులో ప్రకటించినవారు అచటివారే.

పరిశోధన చేయదలచినవారికి సి.ఎస్‌.ఐ.ఆర్‌.-యు.జి.సి. నెట్‌ పరీక్ష ముఖ్యము. ఎం.ఎస్‌సి.లో 55 శాతము మార్కులుండవలెను. వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు 50 శాతము చాలును. అందు జె.ఆర్‌.ఎఫ్‌. లభించినచో 2023 జనవరి 1 నుండి అమలులోనున్న లెక్క ప్రకారము నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల తరువాత అర్హతను బట్టి 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యము అదనము. అనగా పిహెచ్‌.డి. చదువు తండ్రి సొమ్ముతో చదువు చదువు కాదు. ఈ ఒక్క వాక్యము చెప్పినపుడు ఆ రైతు ముఖములో కలిగిన మార్పు మేము మరువలేము. అయితే కాలము పట్టును. ఎం.ఎస్‌సి.కి రెండేండ్లు, పిహెచ్‌.డి.కి ఐదు, ఒక్కొక్కపుడు ఆరు. ఆడపిల్ల విషయములో ఈ యేండ్ల లెక్క వినగానే బంధువులు పెండ్లి ప్రసక్తి తెత్తురు. ఆ మాట వచ్చినపుడు తలిదండ్రులు గట్టిగా నిలువవలసియుండును. ఏలయన, నడుమ ఆపిన పిహెచ్‌.డి. నడుమ ఆపిన బావివంటిది.

అందరును పిహెచ్‌.డి. చేయనక్కరలేదు. ఈ చికిత్సలో శాస్త్రజ్ఞుడొక్కడే యుండడు. కణములను పెంచు గది ధూళికణము లేని స్వచ్ఛమైన గది. అందు నిలువెల్ల కప్పుకొని, వ్రాసియిచ్చిన పద్ధతిని అణుమాత్రము తప్పక గంటల తరబడి పనిచేయు ఉత్పత్తి నిపుణులు కావలెను. తయారైన కణములలో సూక్ష్మజీవులు లేవనియు, చేర్చిన జన్యువు సరిగా చేరినదనియు పరీక్షించు నాణ్యతా విభాగము కావలెను. ప్రతి మెట్టును కాగితముమీద నమోదు చేయువారు, ప్రభుత్వ అనుమతులకు పత్రములు సిద్ధపరచువారు, యంత్రములు నడుపు ఇంజనీర్లు కావలెను. ఆసుపత్రిలో కణములు తీయు సాంకేతికులు, నర్సులు, రోగుల వివరములు పాటించు పరిశోధన సమన్వయకర్తలు, ఇంటిల్లిపాదికి వంశపారంపర్య వ్యాధులను వివరించి చెప్పు జన్యు సలహాదారులు ఉందురు. తెలుగు, కోయ మాటలు వచ్చిన సలహాదారు మన్యములో ఎంత ఉపకారము చేయగలదో వేరుగ చెప్పనేల?

కణములను ద్రవ నత్రజనిలో ఘనీభవింపజేసి ఊరినుండి ఊరికి పంపుట మరియొక వృత్తి. ద్రవ నత్రజని యనగా భయపడనక్కరలేదు. ఆవులకు, గేదెలకు సూది వేయుటకు గోపాలమిత్రలు తెచ్చు పొగలుకక్కు డబ్బాలో నుండునది అదియే. సున్నకు 196 డిగ్రీలు దిగువ చల్లదనము. ఆ డబ్బాలో నత్రజని తరిగిపోయిన వీర్యపు గొట్టములు పాడగునట్లే, కేన్సరు రోగి కణములును పాడగును. గేదెకు మరల సూది వేయవచ్చును. రోగికి మరల కణములు తీయుటకు వ్యవధి ఉండకపోవచ్చును. అందుచే ఆ ఉద్యోగమునకు అంత శ్రద్ధ అవసరము.

ఉద్యోగములెచ్చట అను ప్రశ్నకు బొంబాయి, బెంగళూరు, హైదరాబాదు అని ప్రస్తుతమునకు సమాధానము. బెంగళూరు సంస్థ యొకటి తన కార్‌-టి చికిత్సను 2025 జనవరిలో విడుదల చేసినది. హైదరాబాదు ఔషధ సంస్థలును ఈ రంగమున ప్రవేశించినవి. అయినను ఉన్నమాట చెప్పవలెను: ఇది ఇంకను చిన్న రంగము. వేలకు వేలు ఉద్యోగములు సిద్ధముగా లేవు. కాని ఇందుకై నేర్చిన పనులు టీకాల తయారీలోను, ఇతర జీవౌషధముల తయారీలోను, వ్యాధినిర్ధారణ శాలలలోను చెల్లుబాటగును. కనుక కణ చికిత్సలో చోటు దొరకకున్నను చదువు వ్యర్థము కాదు.

ఈ విద్యలో ఒక భయమును ఉండవలెను. 1999 సెప్టెంబరులో అమెరికాలో జెస్సీ గెల్సింగర్‌ అను 18 ఏండ్ల యువకుడు జన్యు చికిత్స ప్రయోగములో మరణించెను. ఇంజెక్షను ఇచ్చిన నాలుగు దినములకే. చికిత్సను మోసికొనివచ్చిన వైరసుపై అతని శరీరము తిరుగబడినది. విచారణలో, నియమముల పాటింపులో లోపములు బయటపడినవి. ఆ రంగము సంవత్సరముల తరబడి వెనుకబడిపోయినది. మన దేశములో జన్యు చికిత్సల పరిశోధనకు 2019లో జాతీయ మార్గదర్శకములు వెలువడినవి. ఈ చదువు చదువు ప్రతివారును ముందు వానిని చదువవలెనని మా అభిప్రాయము.

తలిదండ్రులకు మరియొక హెచ్చరిక. "మూలకణముల సూది"తో పక్షవాతము, మధుమేహము, పిల్లల బుద్ధిమాంద్యము అన్నియు పోవునని చెప్పి లక్షలు గుంజువారు నగరములలో గలరు. 2017 నాటి జాతీయ మార్గదర్శకముల ప్రకారము రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు చేయు మూలకణ మార్పిడి వంటి అంగీకృత చికిత్సలు తప్ప, తక్కినవి అనుమతి పొందిన పరీక్షలలో మాత్రమే ఈయదగును. అట్టి పరీక్షలో చేరినవారి నుండి ఆ మందునకు డబ్బు వసూలు చేయరాదు. డబ్బడిగిరనగా అనుమానింపవలసినదే.

కోరుకొండ రైతు రెండు ప్రశ్నలకు వత్తము. చదువు ఉన్నది. పొలము అమ్మనక్కరలేదు. ఆ కరపత్రమును తిరిగి చూచితిమి. డిప్లొమాను ఏ విశ్వవిద్యాలయము ఇచ్చుచున్నదో అందు లేదు. కణములు పెంచు ప్రయోగశాల ఉన్నదో లేదో లేదు. కడచిన యేడు చదివినవారు ఎచట పనిచేయుచున్నారో లేదు. "ఉద్యోగము ఖాయము" అను మాట మాత్రము మూడుచోట్ల ఉన్నది. ఈ మూడు ప్రశ్నలు వ్రాసి ఆ సంస్థకు పంపుమని అమ్మాయికి చెప్పితిమి. బయానా గడువు ముగియులోపల జవాబు రాలేదు. తండ్రి బేరము మానుకొనెను.

అమ్మాయి ఇపుడు గాట్‌-బి, పీజీసెట్‌ రెండింటికిని చదువుచున్నది. ఆమెవలె దరఖాస్తు పెట్టదలచినవారు కుల, ఆదాయ ధ్రువపత్రములను ముందుగనే తీసి యుంచుకొనుట మంచిది. చివరి వారములో తహశీల్దారు కార్యాలయములో రద్దీ ఎక్కువ. వెనుకబడిన తరగతులవారు జాతీయ పరీక్షలకు కేంద్ర ప్రభుత్వపు నమూనాలోనే ధ్రువపత్రము తీసికొనవలెను. రాష్ట్రపు నమూనా చెల్లదు. అసలు పత్రములను ఏ మధ్యవర్తి చేతను పెట్టరాదు, నకళ్లు మాత్రమే ఈయవలెను. సి.సి.ఎం.బి. ప్రయోగశాలలను కన్నులార చూడగోరువారికి సెప్టెంబరు 26వ తేదీ ప్రాంతమున, పరిశోధన మండలి స్థాపన దినోత్సవ సందర్భమున, విద్యార్థులకు ప్రవేశము కల్పించుచుందురు. కళాశాల అధ్యాపకుని వెంటబెట్టుకొని పదిమంది కలిసి పోయినచో ఖర్చు తగ్గును.